ఒక ఫార్వర్డ్, ఖాలా కంచంలో ఉప్పు



పోయిన రంజాన్‌కి ముందు మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ వచ్చింది. కేన్సర్ కణాలకు సోడియం దర్వాజాలు ఉంటాయని సైంటిస్టులు కనిపెట్టారట. ఉప్పు పూర్తిగా మానేస్తే ఆ దర్వాజాలు మూసుకుపోయి కేన్సర్ ఎండిపోతుందట. డాక్టర్లకు ఈ మాట తెలిసినా తమ దుకాణం మూతబడుతుందని చెప్పరట. కింద నలుగురు మాషా అల్లాహ్ అని పెట్టారు, ఇద్దరు జజాకల్లాహ్ అన్నారు. నేనూ చదివాను. నవ్వుకుని ఫోన్ పక్కన పెట్టేశాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తుకోలేను.

ఎందుకంటే ఆ గ్రూపులోనే నా ఖాలాజాద్ చెల్లెలు ఉంది. వాళ్ళ అమ్మీకి, అంటే మా చిన్న ఖాలాకి, పెద్దపేగు కేన్సర్. మలద్వారానికి కొంచెం పైన గడ్డ. ఆపరేషన్ అయింది. కుట్లు మానేదాకా పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి సంచి పెట్టారు. కీమో నడుస్తోంది. తల్లి కోసం ఏదో ఒకటి చేయాలని తపించిపోతున్న కూతురికి ఆ ఫార్వర్డ్ దొరికింది. ఆ పూట నుంచే వంటింట్లో ఉప్పు బంద్. ఖిచిడీ, దాల్చా, ఖట్టా, అన్నీ చప్పగా. "నక్కో బేటా, గొంతు దిగడంలేదు" అని ఖాలా అంటే, "కొంచెం సబ్ర్ చెయ్ అమ్మీ, నీ కోసమే" అనేదట.

ఆరో రోజు ఫజర్ వేళ ఖాలా బాత్‌రూమ్ గుమ్మం దగ్గర పడిపోయింది. లేపితే మాట తడబడుతోంది, పిల్లల పేర్లు కలిపేస్తోంది. ఆస్పత్రికి తీసుకెళ్తే రక్తంలో సోడియం 121 అన్నారు. కనీసం 135 ఉండాలి. ఏం తింటోంది, ఏం తాగుతోంది అని డాక్టరమ్మ గుచ్చి గుచ్చి అడిగితే చెల్లెలు ఫోన్ తీసి ఆ ఫార్వర్డ్ చూపించింది. ఆమె అరవలేదు. చదివి, ఫోన్ తిరిగి ఇచ్చి, "ఇందులో మొదటి మాట నిజమే అమ్మా. రెండో మాట వల్లే మీ అమ్మగారు ఇక్కడికి వచ్చారు" అంది.

మొదటి మాట నిజమేనా? నాకు అది ముల్లులా గుచ్చుకుంది. తర్వాత రెండు నెలలు దొరికినంత చదివాను. నేను డాక్టర్ని కాను, ఒక మరీజ్ ఇంటి మనిషిని. చదివాక నాకు కలిగిన రాయ్ ముందే చెప్పేస్తాను. ఈ దర్వాజాల ఇల్మ్ మన ఇళ్ళకు రావాలి, కానీ సగం రాకూడదు. అవి మన వంటింట్లోంచి మూయగలిగేవి కావు. మన చేతిలో ఉన్న పని వేరే ఉంది, అది మనం షర్మ్‌తో చేయడంలేదు.

ముందు ఆ దర్వాజాల సంగతి.

మన జిస్మ్‌లో ప్రతి కణం ఒక ఇల్లు అనుకోండి. దాని గోడ కొవ్వుతో కట్టింది. ఉప్పు నీటిలో కరిగితే వచ్చే సోడియం, క్లోరైడ్, వాటితో పాటు పొటాషియం, కాల్షియం, వీటిని అయాన్లు అంటారు. ఇవి కరెంటు మోసే రేణువులు. కొవ్వు గోడను దాటలేవు. అందుకే గోడలో ప్రొటీన్లతో చేసిన సన్నని ద్వారాలు ఉంటాయి. అవే అయాన్ చానల్స్. ఒక్కో ద్వారానికి ఒక్కో పహరేదార్ ఉన్నట్టే. పొటాషియం ద్వారం సెకనుకు కోట్లకొద్దీ పొటాషియం అయాన్లను వదులుతుంది. దానికంటే చిన్నదైన సోడియాన్ని మాత్రం ఆపేస్తుంది. ఇది ఎలా సాధ్యమో ఆ ద్వారం ఆకారం చూపించి ఖులాసా చేసినందుకు రోడరిక్ మెకిన్నన్‌కి 2003లో నోబెల్ వచ్చింది. ఒక్క ద్వారం గుండా పోయే కరెంటును కొలిచే పద్ధతి కనిపెట్టిన ఎర్విన్ నేహర్, బెర్ట్ జాక్‌మన్‌లకు 1991లోనే వచ్చింది.

మామూలు కణం లోపల పొటాషియం ఎక్కువ, బయట సోడియం ఎక్కువ. ఈ తేడా వల్ల గోడకు రెండు వైపులా చిన్న బ్యాటరీలా కరెంటు ఉంటుంది. గుండె కొట్టుకోవడం, నరం మాట్లాడటం, కండ బిగుసుకోవడం, అన్నీ ఈ ద్వారాలు సమయానికి తెరుచుకుని మూసుకోవడం వల్లే.

పెద్దపేగుకైతే ఈ ద్వారాలే రోజీరోటీ. మనం తిన్నదాంట్లో మిగిలిన నీళ్ళను, ఉప్పును లాక్కుని ఒంటికి తిరిగి ఇవ్వడమే దాని ముఖ్యమైన పని. పేగు లోపలి పొరలో సోడియం కోసమే ప్రత్యేకంగా ద్వారాలున్నాయి. కలరా వచ్చినప్పుడు ఆ విషం క్లోరైడ్ ద్వారాలను తెరిచి ఉంచేస్తుంది, అందుకే నీళ్ళు అలా పోతాయి. ఇక ఖాలా సంగతి చూడండి. ఆమె పొట్ట మీద సంచి చిన్నపేగు చివర పెట్టింది. అంటే తిన్నది పెద్దపేగు దాకా పోకుండానే బయటికి వచ్చేస్తోంది, ఉప్పు వెనక్కి తీసుకునే ద్వారాలకు పనే లేదు. రోజూ ఆ సంచిలోకి ఉప్పూ నీళ్ళూ పోతూనే ఉంటాయి. అలాంటి మరీజ్‌కి డాక్టర్లు ఉప్పు, ఓఆర్‌ఎస్ ఎక్కువ తీసుకోమంటారు. మేము ఉన్న ఉప్పు కూడా ఆపేశాం.

ఇప్పుడు కేన్సర్ దగ్గరికి వద్దాం. పెద్దపేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తదవుతుంది. పాత కణాలు రాలిపోవాలి, కొత్తవి పుట్టి తమ వంతు రాగానే ఆగాలి. కేన్సర్ అంటే ఆగాల్సిన చోట ఆగని కణం. దానికి మూలం జీన్స్‌లో జరిగే మార్పులు. ఒక్కటి కాదు, ఒకదాని తర్వాత ఒకటి, ఏళ్ళ తరబడి. అలా చెడిన కణం ఈ ద్వారాలను కూడా తన మతలబ్‌కి వాడుకుంటుంది. కణం రెండుగా చీలాలంటే ముందు ఉబ్బాలి, బ్యాటరీ మారాలి, కాల్షియం లోపలికి వచ్చి పని మొదలుపెట్టమని ఖబర్ ఇవ్వాలి. ఇవన్నీ ద్వారాల చేతిలోవే.

కొన్ని ద్వారాలు కేన్సర్‌లో ఎక్కువవుతాయి. హెర్గ్ అనే పొటాషియం ద్వారం మామూలుగా గుండెలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగు పొరలో దాదాపు కనిపించదు, కేన్సర్ గడ్డల్లో కనిపిస్తుంది. ఇటలీలో ఫ్లోరెన్స్ శాస్త్రజ్ఞులు 2004లో దీన్ని, గడ్డ చుట్టుపక్కలకు చొచ్చుకుపోయే గుణంతో ముడిపెట్టి చూపించారు. ఇంకొన్ని తగ్గిపోతాయి. కేసీఎన్‌క్యూ1 అనే మరో పొటాషియం ద్వారం మంచి పహరేదార్ లాంటిది. గడ్డలో అది బాగా మిగిలి ఉన్న మరీజ్‌లు ఎక్కువ కాలం బతికారని, తగ్గిపోయినవాళ్ళకు బీమారీ తిరగబెట్టే ఖతరా ఎక్కువని పరిశోధనల్లో తేలింది. సీఎఫ్‌టీఆర్ అనే క్లోరైడ్ ద్వారం పుట్టుకతోనే పాడైన జబ్బు ఒకటుంది, సిస్టిక్ ఫైబ్రోసిస్. ఆ జబ్బు ఉన్నవాళ్ళకు పెద్దపేగు కేన్సర్ మిగతావాళ్ళకంటే చాలా ఎక్కువ, చిన్న వయసులోనే వస్తుంది. అందుకే అమెరికాలో వాళ్ళకు 40 ఏళ్ళ నుంచే కొలనోస్కోపీ చేయమని 2018లో సలహా ఇచ్చారు. ఒక ద్వారం చెడితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇది చాలు.

ఇక పాకడం. కేన్సర్‌లో ప్రాణం తీసేది ఎక్కువగా మొదటి గడ్డ కాదు. అక్కడి నుంచి బయల్దేరి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో డేరా వేసే కణాలు. కణం కదలాలంటే ముందు వైపు సాగాలి, వెనక వైపు ముడుచుకోవాలి. ముడుచుకోవాలంటే పొటాషియం, క్లోరైడ్, వాటితో నీళ్ళు బయటికి పోవాలి. ఇక ఫార్వర్డ్‌లో చెప్పిన సోడియం ద్వారం ఇక్కడే వస్తుంది. గుండెలో ఉండే ఎన్‌ఏవీ 1.5 అనే సోడియం ద్వారం పెద్దపేగు కేన్సర్ కణాల్లో కూడా ఉందని, కణాలు చొచ్చుకుపోవడానికి కావలసిన జీన్స్ గుంపుకి అది ఒక తాళంచెవి లాంటిదని 2010లో అమెరికా పరిశోధకులు చూపించారు. ల్యాబ్‌లో ఆ ద్వారాన్ని మూస్తే కణాల చొరబాటు తగ్గింది. 2014లో మరో బృందం, ఆపరేషన్లలో మత్తుకి వాడే రోపివకెయిన్ అనే మందు కూడా ల్యాబ్‌లో అదే పని చేసిందని రాసింది.

అంటే ఫార్వర్డ్ మొదటి మాట సచ్. మరి ఉప్పు మానేస్తే ఎందుకు పనిచేయదు?

ఎందుకంటే మన రక్తంలో సోడియం మన కంచం చూసి మారదు. మూత్రపిండాలు, హార్మోన్లు కలిసి దాన్ని 135 నుంచి 145 మధ్యలో పట్టి ఉంచుతాయి. కేన్సర్ కణం ఆ రక్తంలోంచే తీసుకుంటుంది. ఉప్పు తగ్గిస్తే బీపీకి ఫాయిదా ఉంది, ఆ మాట వేరు. కేన్సర్ కణం దర్వాజా మాత్రం మూసుకోదు. బలవంతంగా సోడియం పడిపోయేలా చేస్తే ముందు దెబ్బతినేది మెదడు. ఖాలాకి జరిగింది అదే. సోడా నీళ్ళతో, ఆల్కలైన్ నీళ్ళతో కేన్సర్ పోతుందనే మాటలకూ ఇదే జవాబు. రక్తం తన లెక్క తాను కాపాడుకుంటుంది. కాపాడుకోలేని రోజు వస్తే అది ఇలాజ్ కాదు, ఎమర్జెన్సీ.

ఆ ద్వారాలను మందుతో మూయొచ్చు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. చిక్కు ఏమిటంటే, హెర్గ్ అయినా ఎన్‌ఏవీ 1.5 అయినా గుండెలో కూడా అవే. కేన్సర్ దర్వాజా మూయబోయి గుండె దర్వాజా మూస్తే మనిషి అక్కడే పోతాడు. టెర్ఫెనడిన్ అని ఒక అలర్జీ మాత్ర ఉండేది, తుమ్ములకు ఇచ్చేవాళ్ళు. అది కొందరిలో గుండెలోని హెర్గ్ ద్వారాన్ని అడ్డుకుని గుండె లయ తప్పించింది. అందుకే 1990ల చివర్లో అమెరికా మార్కెట్ నుంచి తీసేశారు. కాబట్టి గుండెను ముట్టుకోకుండా గడ్డను మాత్రమే పట్టుకునే మందు కోసం వెతుకుతున్నారు. పెద్దపేగు కేన్సర్‌కి అలాంటి మందు ఇంకా మన డాక్టర్ల చేతికి రాలేదు.

ఉమ్మీద్ లేదని కాదు. ముంబైలోని టాటా మెమోరియల్ సెంటర్ నడిపించిన ఒక ట్రయల్ 2023లో వెలువడింది. రొమ్ము కేన్సర్ ఉన్న సుమారు 1,600 మంది ఆడవాళ్ళలో సగం మందికి, సర్జన్ కత్తి పెట్టడానికి కొద్ది నిమిషాల ముందు గడ్డ చుట్టూ లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇచ్చారు. పన్ను పీకే ముందు ఇచ్చే మత్తు అదే, సోడియం ద్వారాలను మూస్తుంది. ఐదేళ్ళకు బతికి ఉన్నవాళ్ళు ఇంజెక్షన్ తీసుకున్నవారిలో 90.1 శాతం, తీసుకోనివారిలో 86.4 శాతం. చవకైన మందు, ఒక్కసారి ఇచ్చేది. అది రొమ్ము కేన్సర్, పెద్దపేగుకి కూడా పనిచేస్తుందని దాన్నిబట్టి చెప్పలేం. పెద్దపేగు ఆపరేషన్లలో ఇలాంటి మత్తుమందుల మీద ట్రయల్స్ జరుగుతున్నాయి. కానీ గమనించండి. అక్కడ ద్వారం మూసింది ఆపరేషన్ థియేటర్లో, లెక్కపెట్టిన మోతాదుతో, వందల మందిని ఐదేళ్ళు గమనించి. ఉప్పుడబ్బా దాచిపెట్టి కాదు.

ఈ ద్వారాలు ఖాలాని ఇంకో రకంగా కూడా పలకరించాయి. ఆమెకు ఇచ్చిన కీమోలో ఆక్సాలిప్లాటిన్ ఉంది. పెద్దపేగు కేన్సర్‌కి ఎక్కువగా వాడే మందుల్లో అది ఒకటి. అది నరాల్లోని సోడియం ద్వారాలను తికమకపెడుతుంది, చల్లదనం తగిలితే నరం ఆగకుండా అరుస్తుంది. మొదటి డోసు తర్వాత తెల్లవారుజామున వుజూ కోసం కుళాయి కింద చేతులు పెట్టి ఖాలా కెవ్వుమంది. వేళ్ళలో సూదులు దిగినట్టు ఉందట. తన మీద ఏదో నజర్ పడిందని రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మందు వల్ల వచ్చే తకలీఫ్ అని తెలిశాక వేణ్ణీళ్ళతో వుజూ, ఫ్రిజ్ తలుపు తీయడం బంద్, మంచినీళ్ళు గోరువెచ్చగా. ఆ రెండు రోజుల భయం అక్కర్లేనిది. డాక్టర్‌కి చెప్పి ఉంటే రెండు నిమిషాల్లో తీరేది.

చెప్పకపోవడం ఖాలాకి అలవాటు. మనందరికీ అలవాటు. ఇక్కడే నా అసలు మాట.

ఖాలాకి గడ్డ ఉందని తెలియడానికి 11 నెలల ముందు నుంచే మలంలో రక్తం పడుతోంది. ఆమె బవాసీర్ అనుకుంది. ఒక దుకాణంలో మందు తెప్పించుకుని రాసుకుంది. ఖాలూజాన్‌కి చెప్పలేదు, షర్మ్. కూతురికి చెప్పలేదు, ఘబ్రాయిస్తుందని. బరువు తగ్గుతుంటే "షుగర్ కంట్రోల్‌లోకి వస్తోంది" అని అందరం మెచ్చుకున్నాం. వెళ్ళినా కడుపు కాళీ అయినట్టు ఉండటంలేదని ఒకసారి నానీతో అందట, నానీ ఇసబ్గోల్ తాగమంది. చివరికి నీరసంతో పరీక్ష చేయిస్తే రక్తం 7 గ్రాములకు పడిపోయి ఉంది. అప్పుడు గానీ కొలనోస్కోపీ దాకా పోలేదు.

హయా మంచి గుణమే. కానీ డాక్టర్ ముందు దాచేది హయా అనిపించుకోదు. పేగు గోడలోనే ఉండగా కేన్సర్ దొరికితే ఐదేళ్ళు బతికేవాళ్ళు అమెరికా లెక్కల్లో నూటికి 90 మంది దాకా ఉన్నారు. దూరపు అవయవాలకు పాకాక దొరికితే సుమారు 15 మందే. ఈ రెండు అంకెల మధ్య ఉన్నదంతా ఆ ద్వారాలను వాడుకుని కణం చేసే సఫర్. దాన్ని ఆపే మందు కోసం ల్యాబులు ఏళ్ళుగా కష్టపడుతున్నాయి. అది బయల్దేరకముందే పట్టుకునే పని మాత్రం ఈరోజే చేయొచ్చు. చాలా గడ్డలు ముందు పాలిప్ అనే చిన్న మొలకగా మొదలై కేన్సర్ కావడానికి పదేళ్ళ దాకా తీసుకుంటాయి. కొలనోస్కోపీలో కనిపిస్తే అప్పుడే కత్తిరించేస్తారు, కేన్సర్ అయ్యే వరకు ఆగదు.

2022లో దునియా మొత్తం మీద 19 లక్షల మందికి పైగా ఈ కేన్సర్ వచ్చింది, 9 లక్షల మందికి పైగా పోయారు. అమెరికాలో 2021 నుంచి 45 ఏళ్ళకే పరీక్షలు మొదలుపెట్టమంటున్నారు. మన దేశంలో సర్కారీ స్క్రీనింగ్ నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కేన్సర్లకే ఉంది, పెద్దపేగుకి లేదు. కాబట్టి ఎవరో ఇంటికి వచ్చి అడుగుతారని కూర్చోవద్దు. మలంలో రక్తం, మూడు నాలుగు వారాలకు మించి మారిన అలవాటు, కారణం లేకుండా తగ్గే బరువు, రక్తహీనత, ఇవి ఉంటే బవాసీర్ అని మీకు మీరే ఫైసలా చేసుకోకండి. మలంలో కంటికి కనపడని రక్తాన్ని పట్టే పరీక్ష ఉంది, ఇంట్లోనే నమూనా తీసి ఇవ్వొచ్చు. అమ్మకో అబ్బాకో అన్నకో చెల్లెలికో ఈ కేన్సర్ వచ్చి ఉంటే 40 ఏళ్ళకు, లేదా వాళ్ళకు బయటపడిన వయసుకు పదేళ్ళ ముందే, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలి. ఖాలాకి 52లో బయటపడింది. ఆమె పిల్లలు 40కి వెళ్ళాలని ఇప్పుడే ఇంటి క్యాలెండర్ వెనక రాసి పెట్టారు. ఆడవాళ్ళకు పర్దా ఫికర్ ఉంటే లేడీ డాక్టర్ కావాలని ముందే అడగండి, అడగడంలో తప్పు లేదు.

ఇంకో భయం నేరుగా చెప్తాను, మన ఇళ్ళలో చాలామందిని ఆపేది ఇదే. "పొట్ట మీద సంచి ఉంటే పాకీ ఎలా, నమాజ్ ఎలా?" ఖాలా ఆపరేషన్‌ని మూడు వారాలు వాయిదా వేసింది దీనివల్లే. మా మహల్లా మౌలానా సాబ్‌ని అడిగితే, ఆగకుండా కారే తకలీఫ్ ఉన్నవాళ్ళు మాజూర్ కింద వస్తారని, ఒక్కో నమాజ్ వఖ్త్‌కి ఒక్కో వుజూ చేసుకుంటే చాలని చెప్పారు. ఐదు నిమిషాల మష్వరా. మూడు వారాల ముందే అడగాల్సింది.

దస్తర్‌ఖాన్ గురించి కూడా ఒక మాట. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సర్ విభాగం, ఉప్పు పట్టించి, పొగబెట్టి, నిల్వ ఉంచిన మాంసం పెద్దపేగు కేన్సర్‌కి కారణమని తేల్చింది. రోజూ 50 గ్రాములు తింటే తిననివాళ్ళ కంటే ఖతరా 18 శాతం పెరుగుతుందని లెక్క. సాసేజ్, సలామీ మీద హలాల్ అని రాసినంత మాత్రాన ఈ లెక్క మారదు. మనం ఇష్టంగా దాచుకునే తునకలు కూడా ఉప్పు పట్టించి ఎండబెట్టిన గోష్తే. తాజా పెద్ద గోష్త్, మటన్ కూడా కారణం కావచ్చని చెప్పారు. దావత్ మానమని నేను అనను. రోజూ గోష్త్ అవసరంలేదు, పక్కన ఆకుకూర, పప్పు, పొట్టు తీయని ధాన్యం ఉండాలి అంటాను.

చివరిగా ఫార్వర్డ్ పంపేవాళ్ళకు నా గుజారిష్. మీ నీయత్ మీద నాకు షక్ లేదు. కానీ మీరు పంపేది ఒక మరీజ్ ఇంటి వంటింట్లోకి పోతుంది. అక్కడ భయంలో ఉన్న ఒక కూతురు దాన్ని అక్షరాలా పాటిస్తుంది. తెలియని మాట ఆపేయండి. నాలాగా తెలిసి నవ్వుకునేవాళ్ళు ఉంటే, నవ్వి ఊరుకోకండి. "ఇది గలత్, డాక్టర్‌ని అడక్కుండా చేయకండి" అని ఒక్క లైను రాయండి. నేను ఆ ఒక్క లైను రాసి ఉంటే ఖాలా ఆ ఫజర్ వేళ పడిపోయేది కాదు.

ఖాలాకి సంచి తీసేశారు. కీమో అయిపోయింది. మూడు నెలలకోసారి పరీక్షకు వెళ్తోంది. వేళ్ళలో తిమ్మిరి ఇంకా పూర్తిగా పోలేదు. పోయిన జుమా రోజు వాళ్ళింటికి వెళ్తే ఖట్టా పోసి, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగింది. చెల్లెలు ఫోన్ పక్కన పెట్టి, "నేనే వేశాను భయ్యా, చూడు" అంది. సరిపోయింది.